గంప కింద కుక్కపిల్ల

కుక్కను తెద్దామన్న మాట అన్నది సాయిదుర్గ. అన్న మర్నాటికల్లా ఆ మాట ఆమెది కాకుండా పోయింది.

మొగుడు సురేష్‌బాబు మండపేటలో ఒక రైసుమిల్లులో తూకాల దగ్గర పనిచేస్తాడు. మిల్లు ఓనరుగారింట్లో రాట్‌వీలర్ ఉంది. అది గేటు దగ్గర నిలబడితే లారీ డ్రైవర్లు కిందికి దిగకుండా హారన్ కొట్టి పిలుస్తారట. తెస్తే అలాంటిది తేవాలని అతని పట్టు. తొమ్మిదేళ్ళ కూతురు లిఖిత తెల్లగా దూదిపింజలా ఉండే పొమేరియన్‌ని ఫోనులో చూసి, అదే కావాలని ఒక పూట అన్నం మానేసింది. అత్తగారు లోవమ్మ, ఏ జాతిదైనా సరే వంటింటి గడప తొక్కితే తాను కాశీకి పోతానంది. పక్కింటాయన డాబర్‌మ్యాన్ అన్నాడు. పాలుపోసే అతను, ఇంత గంజి పోస్తే ఊరకుక్క పడి ఉండదా, డబ్బెట్టి కొనుక్కోవడం ఏంటండీ అన్నాడు. నోరున్న ప్రతివాడూ ఒక జాతి పేరు చెప్పాడు గానీ, అసలు ఆ కుక్క ఎవరికోసం అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

అది జస్వంత్ కోసం. వాడికి ఆరేళ్ళు. జూన్‌లో ట్యూషన్ సందులో వీధికుక్క వాడి పిక్క పట్టుకుంది. ఇంజెక్షన్లు అయ్యాయి, పుండు మానింది, కానీ ఆ రోజు నుంచి వాడు గేటు బయట నేలమీద కాలు మోపలేదు. ఒకటో తరగతి పిల్లాణ్ణి సాయిదుర్గ చంకనెత్తుకుని, రెండో భుజానికి బ్యాగు తగిలించుకుని రోజూ బడిదాకా మోస్తోంది. మధ్యలో దించబోయిందా, వాడి ఒళ్ళంతా వణుకుతుంది. మొన్న ఒకసారి విసిగిపోయి బలవంతాన దించబోతే ఆమె భుజం మీదే కొరికాడు. బడి దగ్గర మిగతా తల్లులు, ఇంకా పాలు కూడా పడుతున్నావేంటి దుర్గా అని నవ్వుతారు. నవ్వేవాళ్ళకేం, నడుము వాళ్ళది కాదుగా.

పిల్లల డాక్టరుగారు మందేమీ రాయలేదు. నెమ్మదైన కుక్కపిల్లని ఇంట్లో పెంచండమ్మా, వాడి చేత్తోనే దానికి అన్నం పెట్టించండి, భయం దానంతటదే పోతుందన్నారు.

మావగారు అచ్చిబాబు దగ్గర వేరే మందు ఉంది. "దసరాదాకా చూద్దాం. అప్పటికీ నడవకపోతే రాజమండ్రిలో హాస్టల్లో పడేద్దాం. పదిమందిలో పడితే పౌరుషం అదే వస్తాది. మన ఇంట్లో పిరికోడేంటమ్మాయ్, వినడానికే సిగ్గుగా ఉంది," అన్నాడు, పిల్లాడు అక్కడే పలక పట్టుకుని కూచుని ఉండగానే. సురేష్‌బాబు గంగిరెద్దులా తలూపాడు. ఆ ఇంట్లో మావగారు అన్నదానికి అప్పీలు లేదని సాయిదుర్గకి తెలుసు. కుక్కపిల్లని తేవడమంటే ఆమెకి సరదా కాదు, కొడుకుని ఇంట్లో నిలబెట్టుకోవడం.

అందుకే పంతం పట్టింది. అన్నం వారుస్తూ, కూర కలుపుతూ, ఫోను గోడకి ఆనించుకుని వీడియోలు చూసింది. పిల్లలున్న ఇంటికి లాబ్రడార్ మంచిదని, ఓర్పు ఎక్కువని, పిల్లలు తోక లాగినా ఊరుకుంటుందని నలుగురు చెప్పారు. రాట్‌వీలర్ ఈ గడపలోకి వస్తే మీ క్యారేజీ మీరే కట్టుకోండని మొగుడికి చెప్పేసింది. చెప్పడమే కాదు, రెండు రోజులు కట్టలేదు కూడా. హోటల్ భోజనం పడక సురేష్‌బాబు దిగొచ్చాడు. లాబ్రడారే తెద్దామన్నాడు. హమ్మయ్య, గెలిచాననుకుంది పిచ్చిది.

అచ్చిబాబు గురించి ఒక మాట చెప్పాలి. ఆయన పందెంకోళ్ళు పెంచుతాడు. పెరట్లో వరసగా గంపలు బోర్లించి ఉంటాయి, గంపకో పుంజు. ఒకదానికొకటి కనబడకూడదు. పొద్దున్నే ఒక్కోదాన్నీ చంకలో పెట్టుకుని కాలవకి తీసుకెళ్ళి ఈత కొట్టిస్తాడు. తెచ్చి తడి తుడిచి, రెక్కల కిందా తొడలకీ వేడి కాపడం పెడతాడు. నానబెట్టిన బాదంపప్పు ఒలిచి, గంట్లు, చోళ్ళు లాంటి గింజలు, ఉడికిన గుడ్డు తన చేత్తోనే పెడతాడు. ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. పదిమంది చేతులు తగిలిన పుంజుకి మనిషి మచ్చికై పౌరుషం చస్తుందని ఆయన సిద్ధాంతం. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు పుంజుని కొనే ముందు దాన్ని తెచ్చి ఆయన చేతిలో పెడతారు. రెక్క విప్పి, కంట్లోకి చూసి, ఇది నిలబడుద్ది, ఇది పారిపోద్ది అని చెప్పేస్తాడు. అలాంటి మనిషి ఇంటికి కుక్కపిల్ల వస్తుంటే ఇంట్లో కూచుంటాడా? ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ పంచె కట్టుకుని అందరికంటే ముందు ఆటోలో ఎక్కి కూచున్నాడు.

ధవళేశ్వరంలో ప్రసన్నకుమార్ అనే ఆయన ఇంటి మేడ మీద రేకుల షెడ్డులో లాబ్రడార్లు పెంచి అమ్ముతాడు. మెట్లెక్కుతుంటే జస్వంత్ రెండు చేతులతో తల్లి మెడ బిగించేశాడు. ఆమెకి ఊపిరాడలేదు. పైన ఆరు నల్లటి పిల్లలు. తలుపు తియ్యగానే అయిదు దొర్లుకుంటూ వచ్చి అందరి కాళ్ళ మీదా పడ్డాయి. వాటిలో ఒకటి, కాస్త బొద్దుగా ఉన్నది, సాయిదుర్గ పాదం వాసన చూసి, తల పైకెత్తి, వేలాడుతున్న జస్వంత్ చెప్పు నాకడం మొదలుపెట్టింది. వాడు మెడలోంచి ముఖం తీసి ఒక కంటితో కిందికి చూశాడు. కాలు వెనక్కి లాక్కున్నాడు గానీ ఏడవలేదు. సాయిదుర్గ వంగి ఆ పిల్లని వెల్లకిలా తిప్పి పొట్ట మీద చెయ్యి వేసింది. అది హాయిగా పడుకుని ఆమె వేలు చప్పరించింది. నెమ్మదైన పిల్లని గుర్తుపట్టడానికి వీడియోలో చెప్పింది అక్షరాలా ఇదే. ఆమెకి సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది తీసుకుందామండీ అంది.

అచ్చిబాబు చూసి నవ్వాడు. "అది పొదుగుడు పెట్టమ్మా. మనకి కావాల్సింది పుంజు."

ఆయన పంచె ఎగ్గట్టి షెడ్డు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు. అయిదూ ఉలిక్కిపడి మళ్ళీ కాళ్ళ దగ్గరికే వచ్చాయి. ఒక్కోదాన్నీ మెడ పట్టి ఎత్తి ముఖం మీద ఉఫ్‌మని ఊదాడు. అవి తుమ్మాయి, తోకలాడించాయి. ఆయన పెదవి విరిచాడు. అప్పుడు మూలకి చూశాడు. ఆరోది అక్కడ, నీళ్ళ డ్రమ్ము వెనక, గోడకి వీపు ఆనించుకుని ఉంది. ఆయన చెయ్యి చాపేసరికి పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. ఇంకాస్త ముందుకి పెడితే టక్కున వేలు అందుకోబోయింది. అచ్చిబాబు ముఖం వెలిగిపోయింది. "ఇదీ! ఇది చూడరా సురేషూ, వెనక్కి తగ్గుతోందేమో. కంట్లో నిప్పుంది దీనికి."

ప్రసన్నకుమార్ ఏదో చెప్పబోయి మింగేశాడు. ఆ పిల్లని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదని అతని ముఖమే చెబుతోంది. ఆయ్, మంచి పిల్లేనండి, పడకపోతే నెలలోపు తీసుకొచ్చేయండి, వేరేది మార్చి ఇస్తానండి అని మాత్రం అన్నాడు. సాయిదుర్గ మొగుడి చొక్కా పట్టుకుని పక్కకి లాగి నెత్తీ నోరూ కొట్టుకుంది. ఇది కరుస్తుందండీ, పిల్లాడి కోసం కదండీ అంది. నాన్న చెయ్యి వేసింది ఇప్పటిదాకా తప్పు పోలేదే, లాబ్రడారేగా నువ్వడిగింది, అదే తెస్తున్నాంగా అన్నాడతను. జాతి పేరు ఆమెకి వదిలేసి కుక్కని వాళ్ళు పట్టుకుపోయారు. తిరుగు ప్రయాణంలో ఆమె ధవళేశ్వరం దాటేదాకా, దాటాక కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మాట్లాడలేదన్న సంగతి కూడా ఎవరూ గమనించలేదు.

ఇంటికొచ్చాక అంతకంటే అన్యాయం జరిగింది. అచ్చిబాబు పెరట్లో పుంజుల వరస చివర ఇంకో గంప బోర్లించి కుక్కపిల్లని దాని కిందికి తోశాడు. పేరు కూడా తనే పెట్టాడు. నల్లటి పుంజుని కాకి అంటారు కాబట్టి దీని పేరూ కాకే. లిఖిత ఓరియో అని పెట్టుకుంటానని ఏడిచినా వినలేదు. కైమా, గుడ్డు, చోళ్ళ ముద్ద తన చేత్తోనే గంప కిందికి జరిపేవాడు. పిల్లలు దగ్గరికి రాకూడదు, ముట్టకూడదు. సాయిదుర్గ ఆగలేక, కుక్కని తెచ్చింది పిల్లల కోసం కదండీ మావయ్యగారూ, వాళ్ళే ముట్టకూడదంటే ఇంకెందుకండీ అని అడిగింది.

"చేతులు పడితే పాడైపోద్దమ్మాయ్," అన్నాడాయన ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు. "ముందు దానికి పౌరుషం ముదరనీ. అది గేటు దగ్గర నిలబడితే ఏ కుక్కయినా ఈ వీధిలోకి వస్తాదా? వీధిలో కుక్కే లేకపోతే పిల్లాడికి భయం ఎక్కడిది?"

వినేవాడికి చెప్పొచ్చు, విననివాడికీ ఎలాగోలా చెప్పొచ్చు, అంతా తనకే తెలుసనుకునేవాడికి బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. గంప కింద కడగడం మాత్రం ఆమె వంతు. ముసురుపట్టి పెరడంతా చిత్తడి. చీర కుచ్చిళ్ళు దోపుకుని, చీపురుతో బురదా కంపూ కాలవలోకి నెడుతూ, కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఇదేనని తనని తానే తిట్టుకునేది. ఎవరు పక్కనుంచి వెళ్ళినా కాకి గంప లోపలినుంచే ఎగిరి గుర్రుమనేది. మనిషి వెళ్ళిపోగానే సన్నగా, ఆగకుండా కుయ్‌మని ఏడిచేది. గుర్రుమనడమే అచ్చిబాబుకి వినబడేది. వీధరుగు మీద కూచుని వచ్చేపోయేవాళ్ళకి దాని పౌరుషం గురించి చెప్పేవాడు.

జస్వంత్ మొదటి రోజు కిటికీ చువ్వల్లోంచి చూశాడు. తర్వాత పెరటి గుమ్మం మీద కూచున్నాడు. గురువారానికి గుమ్మం దిగి, తులసికోట పక్కన గొంతుక్కూచుని గంప అల్లిక సందుల్లోకి చూస్తున్నాడు. సాయిదుర్గ చూసింది గానీ ఆశ పెట్టుకోలేదు. అప్పటికే ఆమెకి ఆశలంటే విసుగొచ్చింది. మర్నాడు బడికి మోసుకెళ్తుంటే వాడు ఆమె చెవి దగ్గర, అది ఎవరూ లేనప్పుడు ఎందుకేడుస్తుందమ్మా అని అడిగాడు. బరువుకి వగరుస్తూ, నాకేం తెలుసురా, మీ తాతని అడుగు, ఆయనకే అన్నీ తెలుసు అని కసిరింది.

శనివారం సాయంత్రం అచ్చిబాబు స్నేహితుడు ముసలయ్య వచ్చాడు. ఆయనా కోళ్ళ మనిషే. వారం రోజులుగా అరుగు మీద కోటలు దాటుతున్న మాటలు విని, ఏదీ నీ కాకిని చూపించు, నాలుగు మాటలు కాదు ఒక్కసారి ఎదురు పెట్టి చూపించు అన్నాడు. కొత్త పుంజుకి కత్తి కట్టకుండా ఇంకో పుంజుని ఎదురుగా పట్టి, మెడ ఈకలు నిక్కుతాయో లేదో చూస్తారు. దీన్నీ అలాగే చూద్దామన్నాడు ముసలయ్య. అచ్చిబాబు గంప ఎత్తి కాకిని చంకలో బిగించుకుని వీధిలోకి నడిచాడు. సందు మొగలో ఎర్రకుక్క పడుకుని ఉంది. జూన్‌లో జస్వంత్ పిక్క పట్టుకున్నది అదే. సాయిదుర్గ వద్దండీ వద్దండీ అంటూ గేటుదాకా వెంటపడింది. చిన్నపిల్లండీ అది, రెండు నెలలైనా నిండలేదండీ అంది. ఆడవాళ్ళని కోళ్ళ పందేల దగ్గరికి రానివ్వరు, ఇక ఆమె మాట ఎవడు వింటాడు? పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

ఎర్రకుక్క లేచి ఒక్కసారి మొరిగింది. కాకి కెవ్వుమంది. కుక్క గొంతులా లేదది, పసిపిల్ల కేకలా ఉంది. అచ్చిబాబు చేతులు గీరి, మోచేతి కిందికి తల దూర్చి, ఆయన ఇస్త్రీ పంచె నిండా పోసేసింది. వణుకు ఆగలేదు. ముసలయ్య అక్కడున్న అరుగు మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నవ్వుతూనే, నీ చెయ్యి ముసలైపోయింది అచ్చిబాబూ అన్నాడు. ఆ ఒక్క మాటకి అచ్చిబాబు ముఖం నల్లబడింది. లోపలికొచ్చి దాన్ని గంప కింద పడేసి, చెంబుడు నీళ్ళు కాళ్ళ మీద పోసుకున్నాడు.

"పిరికిది," అన్నాడు కొడుకుతో. "రేపు పొద్దున్నే తీసుకెళ్ళి ఇచ్చేద్దాం. మీ ఆవిడ ఏరిన దాన్నే తెచ్చుకోండి."

సాయిదుర్గకి మొదట నమ్మకం కుదరలేదు. కుదిరాక, సిగ్గెందుకు, ఎగిరి గంతేయాలనిపించింది. బొద్దుగా ఉన్న ఆ పిల్ల ఇంకా అమ్ముడుపోలేదని ప్రసన్నకుమార్‌కి ఫోను చేసి కనుక్కుంది. చాలా రోజులకి ఆ పూట పప్పుచారులో ఇంగువ పోపు పెట్టింది. జస్వంత్ అన్నం కెలికి వదిలేశాడు. ఏంట్రా అంటే ఏం లేదన్నాడు. ఆమె సంతోషంలో అది పట్టించుకోలేదు.

పొద్దున్నే ఆటో గేటు ముందు ఆగింది. లిఖిత జడ వేయించుకుని సిద్ధంగా ఉంది. సురేష్‌బాబు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. జస్వంత్ ఏడని చూస్తే మంచం మీద లేడు, బాత్రూములో లేడు. సాయిదుర్గ పెరట్లోకి వచ్చింది. గంప ఒక పక్కకి ఒరిగి ఉంది. జస్వంత్ బురదలో బోర్లా పడుకుని, భుజందాకా చెయ్యి దాని కిందికి పెట్టాడు.

లోపల గుర్రుమంది, టక్‌మని పళ్ళు పడ్డ చప్పుడు. వాడు చెయ్యి లాక్కున్నాడు. చిటికెనవేలి మీద నెత్తురు బొట్టు. ఆమె పరుగున వెళ్ళి వాణ్ణి ఎత్తుకుంది. ఇప్పుడు కేక పెడతాడు, ఇంక ఈ జన్మలో మంచం దిగడు అనుకుంది. వాడు కేక పెట్టలేదు. వేలు నోట్లో పెట్టుకుని తీసి, "అరవకమ్మా. అది కరవలేదు. భయపడింది," అన్నాడు. అని ఆమె నడుము మీంచి జారి దిగి, మళ్ళీ గంప పక్కన కూచున్నాడు.

సాయిదుర్గ వంగి ఒరిగిన గంప సందులోంచి చూసింది. కాకి ఆ చివర గోడకి అతుక్కుని ఉంది. దాని ఒళ్ళంతా వణుకుతోంది. ఆ వణుకు ఆమెకి తెలుసు. రోజూ బడికి వెళ్ళే దారిలో తన ఒంటికి తగులుతున్నదే. తన భుజం మీద పడ్డ పళ్ళూ ఇలాంటివే. మావగారు ఆ పళ్ళలో పౌరుషం చూశారు, తాను ఆ పళ్ళలో పొగరు చూసింది. కన్ను లేనిది ఆయనొక్కడికే అనుకుంది ఇన్నాళ్ళూ. తన మీద తనకే కోపమొచ్చింది.

అచ్చిబాబు గోనెసంచి పట్టుకుని వచ్చాడు, కుక్కపిల్లని అందులో వేసి తీసుకెళ్ళడానికి. లేరా, ఆటో వచ్చింది అన్నాడు. జస్వంత్ లేవలేదు. దీన్నెందుకు పంపించేస్తున్నారని అడిగాడు.

"పిరికిదిరా. పిరికిది మనకెందుకు?"

వాడు ఏడవలేదు, అలగలేదు. బడిలో తెలియని లెక్క అడిగినట్టు అడిగాడు.

"నన్ను దసరాకి పంపించేది కూడా అందుకేనా తాతయ్యా?"

గుమ్మంలో సురేష్‌బాబు చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది. నిలబడని పుంజులు ఆ పెరట్లోంచి ఎక్కడికి పోతాయో ఆ ఇంట్లో అందరికీ తెలుసు, పిల్లాడికీ తెలుసు. అవి తిన్నగా పొయ్యి మీదికే పోతాయి. ఎన్నడూ ఆ కూర అచ్చిబాబుకి చేదనిపించలేదు. ఇప్పుడు ఆయన మనవడి ముఖం చూడలేక గోడకేసి చూశాడు.

"నువ్వూ అదీ ఒకటేంట్రా," అన్నాడు చివరికి. గొంతులో ఎప్పటి గట్టిదనం లేదు.

"ఒకటే తాతయ్యా," అన్నాడు వాడు.

సాయిదుర్గ గబగబా నడిచి వీధిలోకి వెళ్ళి, ఆటో అతన్ని వెళ్ళిపొమ్మంది. ఆయ్, మరి ధవళేశ్వరం అన్నారు కదండీ అని అతను నసిగితే, అనలేదు వెళ్ళవయ్యా అంది. తిరిగొచ్చి పెరటి మధ్యలో నిలబడింది. ఏడుపు తన్నుకొస్తోంది, కోపం దానికంటే ముందొచ్చింది.

"ఏరుకోవడాలు అయిపోయాయండీ మావయ్యగారూ. ఈ కుక్క ఇక్కడే ఉంటుంది. నా కొడుకూ ఇక్కడే ఉంటాడు. రేపు నడుస్తాడో, వచ్చే ఏడు నడుస్తాడో, అప్పటిదాకా నేను మోస్తాను. నా నడుము, నా ఇష్టం."

అలవాటు కొద్దీ సురేష్‌బాబు తండ్రి వైపు చూశాడు, తలూపాలో అడ్డంగా ఊపాలో తెలుసుకుందామని. అక్కడినుంచి ఏమీ రాలేదు. ఇక తనే వచ్చి, ఇంతకాలానికి తనంతట తాను ఒక పని చేశాడు, గంప ఎత్తి అవతల పెట్టాడు. ఎండ మీద పడగానే కాకి గోడ మూలకి ఇంకా ఒదిగిపోయి పళ్ళు చూపించింది. జస్వంత్ చెయ్యి దాని తల మీదికి వెళ్ళబోయింది.

"అలా పైనుంచి కాదురా," అన్నాడు అచ్చిబాబు.

ఆయన మోకాళ్ళు పట్టుకుని, నడుము నొప్పికి మూలుగుతూ బురదలోనే కూలబడ్డాడు. వాడి మణికట్టు పట్టుకుని చెయ్యి కిందికి దించి, అరచెయ్యి పైకి తిప్పి నేలమీద ఆనించాడు.

"కిందనుంచి పెట్టు. పెట్టి, కదపకుండా కూచో. అదే వస్తాది."

ఎంతసేపు పడుతుంది తాతయ్యా అని జస్వంత్ అడిగాడు. అచ్చిబాబు వాడి మణికట్టు వదల్లేదు.

"ఎంతసేపైతే అంతసేపు," అన్నాడు.